వెడ్-నెస్-డే అని చదువుకున్నవాళ్ళ ఆట

ఇంగ్లీషులో అయిదు అక్షరాల మాట ఒకటి కావాలి. మూడో అక్షరం 'ఐ', అయిదో అక్షరం 'టి'. వెతకండి.

చెవితో వెతికేవాళ్ళకి ముందుగా తట్టేవి పాయింట్, పెయింట్, జాయింట్, ప్రింట్, ట్విస్ట్. పలికేటప్పుడు ఆ ఇకారమో యికారమో నాలుకకి తగులుతుంది కాబట్టి. షర్ట్ మాత్రం తట్టదు, ఒంటిమీదే ఉన్నా తట్టదు. షర్ట్, స్కర్ట్ అనేటప్పుడు చెవికి 'ఐ' జాడే లేదు మరి. అదే చిన్నప్పుడు "ఎస్ హెచ్ ఐ ఆర్ టి షర్ట్" అని ఎలుగెత్తి వల్లించినవాడికి మొదట దొరికేవి ఆ రెండే.

నేను ఆ వల్లించిన బాపతు. స్పెల్లింగులు బట్టీ పట్టిన చదువంటే మనకి ఎప్పుడూ చిన్నచూపే. వరసకో ఊహ వేసి దాచిన మాట కనిపెట్టే వర్డిల్ లాంటి ఈ గళ్ళ ఆటలు ఫోన్లలోకి వచ్చాక నాకు నిశ్చయమైంది ఏమిటంటే, అదీ ఒక విద్యే, నికార్సయిన విద్య. కాకపోతే అది ఇంగ్లీషు రావడం మాత్రం కాదు. ఈ రెంటినీ కలిపి ఒప్పుకునేవాళ్ళు మా విజయవాడలో నాకింకా తగల్లేదు. బట్టీని వెక్కిరించేవాళ్ళు మొదటిది ఒప్పుకోరు. పిల్ల నాలుగో వరసలోనే మాట కనిపెట్టేసిందని వాట్సాప్ స్టేటస్ పెట్టే తల్లిదండ్రులు రెండోది ఒప్పుకోరు.

మా మాస్టారు బుధవారాన్ని వెడ్-నెస్-డే అనే చెప్పించారు. ఫిబ్రవరి ఫెబ్-రు-అరీ. కత్తి క్-నైఫ్. ద్వీపం ఇస్-ల్యాండ్. పరీక్షలో ఒక్క అక్షరం పోకుండా ఉండాలంటే అన్నిటినీ నోటితో పలికించడమే మార్గమని ఆయన లెక్క. అలా చదివి బయటికొచ్చినవాళ్ళం ఇంటర్వ్యూల్లో నవ్వులపాలయ్యాం. ఒక కంపెనీలో నా ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి, నేను బుధవారం అన్న తీరు విని, పక్కాయనకి మళ్ళీ అనిపించి మరీ వినిపించాడు. ఉద్యోగం రాలేదు, అది వేరే సంగతి.

తమాషా ఏమిటంటే మా మాస్టారి పలుకుల్లో సగం పాత ఇంగ్లీషువాళ్ళ పలుకులే. నైఫ్ ముందున్న 'కె'ని ఒకప్పుడు వాళ్ళు నిజంగానే పలికేవాళ్ళు. నైట్, లైట్ మధ్యలో మూగగా కూర్చున్న 'జి హెచ్' కూడా గొంతులోంచి వచ్చే ఒక శబ్దమే. పలుకు మారిపోయింది, రాత మాత్రం అచ్చుయంత్రం వచ్చాక గట్టిపడి అక్కడే నిలిచిపోయింది. వెడ్-నెస్-డేలో 'డి' కూడా అంతే, వోడెన్ అనే దేవుడి పేరులోది. ఇస్-ల్యాండ్ దగ్గర మాత్రం మాస్టారు ఓడిపోయారు. ఆ 'ఎస్' ఏనాడూ పలికింది కాదు, లాటిన్ చుట్టరికం ఉందని పండితులు పొరపాటున దూర్చింది. అప్పు అనే అర్థంలో వచ్చే డెట్‌లో 'బి' కూడా లాటిన్ మోజుతో వచ్చి చేరిందే.

మా నాన్న గాంధీనగర్‌లో ఒక ప్రెస్సులో కంపోజిటర్. సీసపు అక్షరాల కాలం. తెలుగు కేసులు గోడ పొడుగునా ఉండేవి. అక్షరాలకి, గుణింతాలకి, ఒత్తులకి ఎన్ని అరలు కావాలో చూడండి మరి. ఇంగ్లీషు కేసు దాని పక్కన చిన్నపిల్లలా ఉండేది. అందులో నట్టనడుమ, చేతికి అందేచోట, అన్నిటికంటే పెద్ద అర ఒకటి. అది 'ఇ' అర. క్యూకి, జెడ్‌కి మూలల్లో చిటికెడు చోటు. నాన్నకి ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునేంత రాదు. అక్షరాలు పేర్చే స్టిక్‌లో అవి తలకిందులుగా, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. ఆ తిరగబడ్డ వరసని వేలితో తడుముతూ వెళ్ళి, ఒకచోట ఆగి, "ఇక్కడేదో తేడాగా ఉందిరా, నిఘంటువు తియ్యి" అనేవాడు. తీస్తే అక్కడ నిజంగా తప్పే ఉండేది, చాలాసార్లు కస్టమర్ రాసిచ్చిన కాగితంలోనే. ఆ మాటకి అర్థం ఏమిటో ఆయన అడిగేవాడు కాదు. ఈ అక్షరం పక్కన ఆ అక్షరం ఉండదని వేళ్ళకి తెలుసు, అంతే.

ఆ అరల కొలతల్లో ఇంగ్లీషు రాత స్వభావం మొత్తం ఉంది. టెలిగ్రాఫు కోడ్‌లో 'ఇ'కి ఒక్క చుక్క, 'టి'కి ఒక్క గీత ఇచ్చారంటే అవే ఎక్కువ వస్తాయని లెక్క చూసుకునే ఇచ్చారు. ఆ కోడ్‌కి పేరిచ్చిన మోర్స్ దగ్గర పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ వెయిల్ ఒక ప్రెస్సుకెళ్ళి ఏ అరలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టాడని చెబుతారు. 1930ల మాంద్యంలో ఉద్యోగం పోయి ఖాళీగా ఉన్న ఆర్కిటెక్టు ఆల్‌ఫ్రెడ్ బట్స్ కూడా పత్రికలు ముందేసుకుని అక్షరాలు లెక్కపెట్టాడు. అలా పుట్టిందే స్క్రాబుల్, అక్షరాల బిళ్ళలు పేర్చి మాటలు కట్టే ఆట. అందులో ఉన్న 100 బిళ్ళల్లో 12 'ఇ'లే, ఒక్కోదానికి ఒక పాయింటు. క్యూ ఒకటి, జెడ్ ఒకటి, వాటికి 10 పాయింట్లు. 'ఎస్' అంత ఎక్కువగా వాడే అక్షరమైనా నాలుగే పెట్టాడు. లేకపోతే ప్రతివాడూ పక్కవాడి మాట చివర ఒక 'ఎస్' తగిలించి బహువచనం చేసి పాయింట్లు కొట్టేస్తాడు కదా.

స్క్రాబుల్ పేరెత్తాను కాబట్టి నా వాదనకి అసలు సాక్షిని పిలుస్తాను. న్యూజీలాండ్‌వాడు నైజెల్ రిచర్డ్స్. ఇంగ్లీషు స్క్రాబుల్‌లో అయిదుసార్లు ప్రపంచ ఛాంపియన్. 2015లో ఫ్రెంచి ఛాంపియన్‌షిప్పుకి వెళ్ళి గెలిచాడు. ఆయనకి ఫ్రెంచి రాదు. పోటీకి తొమ్మిది వారాల ముందు ఫ్రెంచి స్క్రాబుల్ నిఘంటువు పట్టుకుని మాటలు మెదడులోకి ఎక్కించుకున్నాడు, వెళ్ళాడు, కప్పు తెచ్చుకున్నాడు. 2024లో స్పానిష్‌లోనూ అదే పని చేశాడు. థాయిలాండ్ నుంచి కూడా ఇద్దరు ఇంగ్లీషులో ప్రపంచ ఛాంపియన్లయ్యారు, 2003లో ఒకరు, 2009లో ఒకరు. ఆ దేశంలో ఇంగ్లీషు ఇంటి భాష కాదు, మనకిలా కొలువు భాషా కాదు.

దీన్ని చూసి "అయితే అదేం గొప్ప, యంత్రం లాంటి జ్ఞాపకం" అనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. అక్షరాల గుంపుని చూడగానే ఇది నిలుస్తుంది, ఇది నిలవదు అని చెప్పగలగడం వట్టి జ్ఞాపకం కాదు. నాన్న వేళ్ళలో ఉన్నదీ అదే. కానీ రిచర్డ్స్ ఆ కప్పు చేత్తో పట్టుకుని పారిస్‌లో కాఫీ అడగాలంటే మాత్రం వేలు పెట్టి చూపించాల్సిందే. విద్య ఉంది, భాష లేదు. రెండూ నిజాలే.

ఇక వర్డిల్. దాచిన అయిదక్షరాల మాటని ఆరు వరసల్లో కనిపెట్టాలి; వేసిన అక్షరం సరైన చోట ఉంటే గడి పచ్చబడుతుంది, మాటలో లేకపోతే బూడిదరంగు. బ్రూక్లిన్‌లో ఉండే జోష్ వార్డిల్ తన సహచరి పాలక్ షా సరదా కోసం తయారుచేశాడు. అక్టోబరు 2021లో అందరికీ పెట్టాడు. నవంబరు 1న ఆడినవాళ్ళు 90 మంది, రెండు నెలలు తిరిగేసరికి మూడు లక్షలు దాటారు, జనవరి 2022 ఆఖరున న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. కథ అందరికీ తెలిసిందే. నాకు నచ్చేది పాలక్ షా చేసిన పని. ఇంగ్లీషులో అయిదక్షరాల మాటలు ఇంచుమించు 13 వేలని నిఘంటువులు ఒప్పుకుంటాయి. అందులో మామూలు మనుషులకి తెలిసే మాటలు ఏవో ఆమె ఒక్కొక్కటే చూసి ఏరింది. జవాబులుగా మిగిలినవి 2,300 పైచిలుకు. అంటే ఆట తయారైనప్పుడే అక్షరాల విద్యకీ భాషకీ మధ్య ఒక గీత గీయాల్సి వచ్చింది, దాన్ని ఒక మనిషే గీయాల్సి వచ్చింది. ఆ గీత అవతల ఏముందో కంప్యూటర్లు చూపించాయి. మొదటి వరసలో వెయ్యడానికి అన్నిటికంటే మంచి మాట ఏదని లెక్క కట్టిస్తే 'ఎస్ ఎ ఎల్ ఇ టి' అని తేలింది, సగటున 3.42 వరసల్లో పూర్తి. సాలెట్ అంటే పాతకాలం సైనికుల ఒకరకం శిరస్త్రాణం. ఇంగ్లీషు దేశంలో పుట్టి పెరిగినవాళ్ళలో కూడా చాలామంది ఆ మాట విని ఉండరు.

ఇంకో లెక్క. 26 అక్షరాల్ని అయిదు గళ్ళలో ఎలాపడితే అలా పేరిస్తే 1,18,81,376 రకాలు వస్తాయి. వాటిలో మాటలయ్యేవి ఆ 13 వేలే. దాదాపు తొమ్మిది వందలకి ఒకటి. మిగతావన్నీ ఎందుకు చచ్చిపోతున్నాయో తెలియడమే ఈ విద్య. క్యూ పక్కకి యు రావాలి. 'వి'తో మాట ఆగదు, లవ్ అన్నా గివ్ అన్నా చివర ఒక మూగ 'ఇ' కావాలి. 'సి కె' మాట చివర ఎన్నయినా వస్తాయి, మొదట రావు. అచ్చులు కనిపించకపోతే 'వై' కోసం చూడాలి: నింఫ్, క్రిప్ట్, గ్లిఫ్, ట్రిస్ట్, పిగ్మీ. ఇవి మాకెవరూ సూత్రాలుగా చెప్పలేదు. వల్లించగా వల్లించగా ఇంకిపోయాయి.

సత్యనారాయణపురంలో మా అక్క కూతురు ఇంటర్ చదువుతోంది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. ఫోన్లో స్నేహితులతో మాట్లాడుతుంటే నాకు సగం అందదు, అంత ధారాళం. ఆ పిల్లకీ నాకూ రోజూ వర్డిల్ పోటీ. మొన్నొకరోజు దానికి రెండో వరసకే నాలుగు గళ్ళు పచ్చబడ్డాయి, రెండు నుంచి అయిదు దాకా: ఐ, జి, హెచ్, టి. గెలిచినట్టే అనుకుంది. ఫైట్ వేసింది, కాదు. లైట్ వేసింది, కాదు. మైట్ వేసింది.

"ఆగవే," అన్నాను. "అలా ఒక్కోటీ వేసుకుంటూ పోతే అయిపోతావు. ఎన్నున్నాయో ముందు చూడు."

ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్. దీనికి తోడు ఎయిట్. ఎయిట్ దానికి తట్టనే లేదు, చెవికి అది ఈ గుంపులోది కాదు మరి. రెండో వరస అయ్యేసరికి ఎనిమిది మాటలు, మిగిలినవి నాలుగు వరసలు. ఇలాంటప్పుడు పచ్చ గళ్ళని కాసేపు వదిలేసి, మొదటి అక్షరాల్ని మూటగట్టిన మాట ఒకటి వెయ్యాలి. 'ఎఫ్ ఐ ఎల్ ఎమ్ ఎస్', ఫిల్మ్స్. ఒక్క దెబ్బకి ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగూ తేలిపోతాయి. ఏదీ వెలగకపోతే మిగిలేవి నైట్, రైట్, టైట్, ఎయిట్, చేతిలో ఇంకా మూడు వరసలు. హార్డ్ మోడ్‌లో ఇది కుదరదనుకోండి, అక్కడ పచ్చని కదపనివ్వరు.

"మావయ్యా, నువ్వు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడవు, ఇదెలా వచ్చు నీకు?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. మాట్లాడకపోవడం వల్లే వచ్చిందని చెప్పాను. దానికి నైట్ అంటే రాత్రి, నాకు నైట్ అంటే అయిదు అక్షరాలు. ఆట అయిపోయాక ఆ రాత్రి గురించి ఒక పేరా రాయమంటే అది రాస్తుంది, నేను దాని ప్రూఫు దిద్దుతాను.

మన భాషలో ఈ విద్యకి సభలూ సన్మానాలూ ఉన్నాయి. అవధానంలో న్యస్తాక్షరి అంటే ఏమిటి? ఫలానా పాదంలో ఇన్నో అక్షరం ఇది కావాలని పృచ్ఛకుడు అడగడమే. పచ్చ గడి. నిషిద్ధాక్షరి అంటే ఈ అక్షరం వెయ్యకూడదనడం. బూడిదరంగు గడి. పోలిక ఇక్కడితో ఆగిపోతే పెద్ద విశేషం లేదు. అసలు సంగతి ఇరుగుపొరుగు అక్షరాల దగ్గరుంది. ఉత్పలమాల రెండో పాదంలో పన్నెండో అక్షరం 'క్ష' కావాలని ఒక కొంటె పృచ్ఛకుడు అడిగాడనుకోండి. ఉత్పలమాలకి పాదానికి 20 అక్షరాలు. పదో అక్షరం గురువు, పదకొండు పన్నెండు లఘువులు. సంయుక్తాక్షరం పన్నెండులో కూర్చుంటే దాని ముందున్న పదకొండు గురువైపోతుంది, గణం కూలిపోతుంది. అవధాని సరిగ్గా అక్కడ క్షతోనే కొత్త మాట ఎత్తుకోవాలి, ముందు మాటతో సమాసం కాకుండా చూసుకోవాలి. ఒక గడిలో అక్షరం పక్క గడిని ఎలా బిగిస్తుందో ఇంతకంటే బాగా చూపించే ఆట నాకు తెలియదు. అదికాక ఆ పద్యానికి అర్థం ఉండాలి, రసం ఉండాలి, యతి పదో అక్షరం దగ్గర పడాలి, ప్రాస కుదరాలి, మధ్యలో అప్రస్తుత ప్రసంగి పకోడీల గురించి అడిగితే నవ్వుతూ జవాబు చెప్పాలి. మన సభ అక్షరాల విద్య ఒక్కటే చూసి దండ వెయ్యదు. భాష కూడా ఉంటేనే వేస్తుంది.

అలాగని వర్డిల్‌ని తెలుగులోకి దింపితే అంతే బాగుంటుందని అనుకోవద్దు. నేను ఆడి చూశాను, నాకు రుచించలేదు. మనకి గడి అంటే ఒక పూర్తి అక్షరం. గళ్ళ నుడికట్టు నింపేటప్పుడు 'స్త్రీ' ఒక్క గడిలో పడుతుంది. కంప్యూటరు లోపల అదే ఆరు ముక్కలు, సకారం, తకారం, రేఫ, మధ్యలో రెండు పొల్లులు, చివర గుడిదీర్ఘం. అక్షరంగా లెక్కేస్తే క వేరు, కి వేరు, కు వేరు, క్క వేరు. ఊహ తప్పినప్పుడు "ఈ అక్షరం ఉంది, కానీ ఇక్కడ కాదు" అని చెప్పే పసుపు గడి తెలుగులో వెలగడమే అరుదు. 26 అక్షరాల మీద ఏరివేత నడుస్తుంది, వేలకొద్దీ గుణింతాల మీద నడవదు. ఇది మన లిపి లోపం కాదు, ఆ ఆట వేరే లిపి కొలతలకి కుట్టింది. మనకి పద్యమే సరైన గళ్ళు.

ఇక జాబితాల మాట. అయిదక్షరాలు, మూడోది ఐ, చివర టి అని ఫోన్లో కొడితే చాలు, మాటలన్నీ వరసగా వచ్చి పడతాయి. మా మేనకోడలు రెండో వరసలోనే తీస్తుంది. మోసం అని నేననను, ఇందులో డబ్బుల్లేవు, కప్పుల్లేవు. కానీ ఈ ఆటలో మనకి దక్కేదల్లా ఆ వెతుకులాటే. మాట దొరకడం కాదు, దొరకనప్పుడు తల లోపల ఏవేవి కొట్టేసుకుంటూ వచ్చామన్నది. జాబితా ముందే తీస్తే ఆ పని ఇంకెవరో చేసిపెట్టినట్టు. ఆట అయ్యాక తీస్తే మాత్రం జాబితా చక్కటి పుస్తకం. షర్ట్, స్కర్ట్, ఫ్లర్ట్ ఒక కుటుంబం, సెయింట్, పెయింట్, ఫెయింట్ ఒక కుటుంబం, వీటిలో రిస్ట్ ఒక్కతే ముందు మూగ 'డబ్ల్యు' పెట్టుకుని ఎందుకుందో అప్పుడు కంటికి ఆనుతుంది. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో స్క్రాబుల్ నిఘంటువు కనిపిస్తే కొనుక్కోండి. అర్థాలు ముక్తసరిగా ఉంటాయి, మాటలు మాత్రం బోలెడు. నేను దాన్ని నవల చదివినట్టు చదువుతాను. మా ఆవిడకి ఇది జబ్బులా కనిపిస్తుంది.

ఈ మాటే చెబితే మా పిల్ల ఊరుకుంటుందా?

"నైజెల్ రిచర్డ్స్ జాబితా బట్టీ పడితే గొప్ప, నేను జాబితా చూస్తే తప్పా? అవధానులు మాత్రం అమరం నమిలినవాళ్ళు కాదూ?"

"వాళ్ళ జాబితా వాళ్ళతోనే ఉంటుందే. నీది ఫోన్లో ఉంటుంది."

"ఫోను కూడా నాతోనే ఉంటుంది కదా మావయ్యా."

దీనికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే. ఫోనులోని జాబితా అడిగినదానికే పలుకుతుంది. మూడోది ఐ, చివర టి అంటే అవే ఇస్తుంది. ఎయిట్ కూడా ఈ కొంపలోదేనని చెప్పదు, దాని మూడో అక్షరం జి కాబట్టి. నాన్నకి మాత్రం అడగకుండానే "ఇక్కడేదో తేడాగా ఉంది" అని తోచేది. పిల్ల దీన్ని ఇంకా ఒప్పుకోలేదు. ప్రస్తుతానికి మా ఇద్దరి మధ్య ఒప్పందం ఏమిటంటే నాలుగో వరస దాటాకే జాబితా తియ్యాలి. అది అప్పుడప్పుడు తప్పుతోందని నాకు తెలుసు. రెండో వరసలో ట్రిస్ట్ వేసిందంటే ఇంకేమనుకోను?